గాలి తగలని మెట్టు

రబ్బరు తొడుగులు మోచేతుల దాకా లాక్కుని ఆర్డిస్ తాము కాపురముండే మోటారు బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మురుగుతొట్టి గొట్టాన్ని నేలలో ఉన్న కన్నానికి బిగించి పిడి లాగింది. నాలుగు రోజుల మురుగు ఒక్కసారిగా ఉరికేసరికి గొట్టం ప్రాణం వచ్చినట్టు మెలి తిరిగింది. ఆమె దాన్ని బూటుకాలితో తొక్కిపట్టింది. ముఖం పక్కకు తిప్పుకోలేదు. నలభై ఏళ్ళు వృద్ధుల ఆశ్రమంలో లాండ్రీ పని చేసిన మనిషి. వాసనలతో ఆమెకు ఏనాడో రాజీ కుదిరింది.

పైన కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడైంది. భర్త హార్లన్ ఉంగరం చప్పుడది. తలెత్తకుండానే ఆమెకు తెలుసు.

"నీళ్ళు పొయ్యవే! అడుగున గడ్డ కట్టిపోతుందని ఎన్నిసార్లు చెప్పాలి?"

"పోస్తున్నా."

"పోస్తున్నా, పోస్తున్నా అంటావు. పొయ్యవు."

ఆమె అప్పటికే పోస్తోంది.

అక్టోబరు వచ్చేసింది. అమెరికా ఉత్తరాన డకోటా పడమటి కొసన ఉన్న ఆ బండ్ల మైదానంలో వాళ్ళది ఒక్కటే మిగిలింది. మిగతా ముసలివాళ్ళంతా చలికి జడిసి దక్షిణానికి తోలుకుపోయారు. రాత్రి కుళాయి గొట్టం బిగుసుకుపోతే పొద్దున్నే ఆమె కెటిల్ తో వేడినీళ్ళు తెచ్చి పోయవలసి వచ్చింది. వాళ్ళిద్దరికీ ఇప్పుడు ఇల్లూ వాకిలీ అన్నీ ఆ ఆర్వీ బండే. ముందు స్టీరింగు, వెనక మంచం, మధ్యలో పొయ్యి. మనిషి పక్కకు ఒత్తిగిలితే తప్ప ఇంకో మనిషి దాటలేనంత సందు.

ఆర్డిస్ కి డెబ్భై దాటాయి. పొట్టి మనిషి. భుజాలు మాత్రం మగవాడి భుజాల్లా వెడల్పు. తడిసిన దుప్పట్లు ఎత్తీ ఎత్తీ అలా తయారయ్యాయి. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి. కుడి ముంజేతి మీద ఇస్త్రీ రోలరు కాల్చిన మచ్చ ఒకటి అరచేయంత మేర నున్నగా మెరుస్తుంటుంది. జుట్టు తనే వంటింటి కత్తెరతో కత్తిరించుకుంటుంది. ఎవరైనా ఆమెను ఒకసారి చూస్తే రెండోసారి గుర్తుపట్టరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, దానికి ఆమెకు బాధేమీ లేదు.

లోపలికి వచ్చి చేతులు కడుక్కుని ఓట్స్ జావ గిన్నెలో పోసి హార్లన్ ముందు పెట్టింది. అతను మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ముక్కులో సన్నటి గొట్టం. దాని రెండో కొస మూలనున్న ప్రాణవాయువు యంత్రంలోకి పోయింది. యంత్రం పగలూ రాత్రీ ఒకటే గుర్రుమంటుంది. ఒకప్పుడు కోడెదూడను చంకన పెట్టి లారీ ఎక్కించిన మనిషి. ఇప్పుడు బూటు తాడు కట్టుకోవాలంటే వంగలేడు, వంగితే ఊపిరి అందదు. అందుకే బూట్లు మానేసి, వెనక మడమ లేని ఉన్ని చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు ఒక చెంచా తిని.

"డాక్టరు వద్దన్నాడుగా."

"ఆ డాక్టరు తింటాడా దీన్ని?" అంటూనే తిన్నాడు.

ఇల్లు అమ్ముదామా అని అతను ఆమెను అడగలేదు. అమ్మేశాను అని చెప్పాడు. కాగితాల మీద ఆమె ఎక్కడ సంతకం పెట్టాలో బొటనవేలితో చూపించాడు. "జీవితమంతా పశువుల్ని మోస్తూ దేశమంతా తిరిగాను. అన్నీ అద్దంలోంచి చూడ్డమే, ఒక్కచోటన్నా దిగి నిలబడ్డానా? చచ్చేలోపు దిగి చూస్తా," అన్నాడు. ఆమె కాదనలేదు. కాదనడం ఆమెకు అలవాటు లేదు. అలవాటు లేని పని ఆ వయసులో మొదలుపెట్టడం కష్టం. తీరా బయలుదేరిన ఏడాదికే అతని ఊపిరితిత్తులు చిల్లుపడిన తిత్తుల్లా అయిపోయాయి. కొండలొచ్చినా, నదులొచ్చినా మళ్ళీ అద్దంలోంచే. కానీ స్టీరింగు మాత్రం వదల్లేదు. ఆమెను ఒక్కరోజు కూడా నడపనివ్వలేదు.

"ఇవాళ ఆ ఇంటికి పోదామన్నాను," అంది ఆర్డిస్, ఖాళీ గిన్నె తీస్తూ.

"ఏ ఇంటికి?"

"మారిట్ హౌగెన్ ఇంటికి. నిన్న చెప్పాగా. దారిలోనే."

"ఆ నార్వే ముసల్దాని ఇల్లా? నాలుగు చెక్కలూ, నలభై ఎలకలూ. దానికి బోర్డొకటి పెట్టారు, చూసి తరించమని."

"ఒక్క గంట."

ఆమె ఏదైనా ఇలా నోరు తెరిచి అడగడం అతనికి కొత్త. గొట్టం సర్దుకుంటూ ఆమె వంక చూశాడు. "సరేలే," అన్నాడు. "నేను దిగను. నువ్వే పో."

* * *

మారిట్ హౌగెన్ ఆశ్రమానికి వచ్చేనాటికి ఆర్డిస్ కి ఇరవై రెండేళ్ళు. లాండ్రీ నేలమాళిగలో ఉండేది. పైనున్న వాళ్ళెవరూ అక్కడికి దిగరు. మురికి దుప్పట్లు రేకు గొట్టంలోంచి జారి కిందికి పడతాయి, ఉతికినవి బల్ల బండి మీద పైకి పోతాయి. మనుషుల సంగతులన్నీ ఆర్డిస్ కి బట్టల్లోనే తెలిసేవి. ఎవరు తింటున్నారో, ఎవరు కక్కుతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో. ఎవరైనా పోతే ఆ కబురు పాస్టరు కన్నా ముందు ఆమెకే అందేది. ఆ మర్నాడు ఆమె ఆ మనిషి గౌన్ల మెడ దగ్గర కుట్టిన పేరుపట్టీని బ్లేడుతో విప్పి, ఇంకొకరి పేరు కుట్టేది.

ఒకరోజు పొడుగాటి ముసలమ్మ ఒకామె గోడ పట్టుకుని ఆ మెట్లన్నీ దిగి వచ్చింది. ఎనభై అయిదేళ్ళు ఉంటాయి. ఎండిన కట్టెలా నిటారుగా నిలబడింది.

"నా మేజోళ్ళు నేను మడుచుకుంటాను. నాకియ్యి," అంది.

"మీరు పైకి వెళ్ళాలమ్మా. నర్సు తిడుతుంది."

"తిట్టనీ. పైన అందరూ కలిసి గాలంతా పీల్చేస్తున్నారు, నాకేం మిగల్చట్లేదు."

ఆర్డిస్ కి నవ్వొచ్చింది. ముసలమ్మ నవ్వలేదు. బల్ల పక్కన నిలబడి తన మేజోళ్ళు, ఆ తరవాత ఆశ్రమంలో వాళ్ళందరి మేజోళ్ళూ మడిచింది. ఆ చలికాలమంతా వస్తూనే ఉంది. పడమటి గడ్డిమైదానంలో తనకో ఇల్లుందని, పెళ్ళికాని పిల్లగా ఒక్కతే వచ్చి ప్రభుత్వం ఇచ్చిన ఆ భూమిలో తన చేత్తో కట్టుకున్నానని, అన్న కొడుకు తనను కారెక్కించి మంచు కరగ్గానే మళ్ళీ దింపుతానని చెప్పి తీసుకొచ్చాడని అంది. కథలాగా చెప్పేది కాదు. మడత మడతకీ మధ్య ఒక ముక్క.

"మా ఇంటి వెనక ఒక మెట్టుంది," అంది ఒకసారి. "ఏ వైపు నుంచి వీచినా అక్కడ గాలి తగలదు. దాని మీద కూర్చుంటే నన్నెవరూ పిలవరు."

"ఎవరూ లేకపోతే ఎవరు పిలుస్తారు మరి?"

"అదే చెప్తున్నా," అంది మారిట్. "ఎప్పుడైనా వెళ్ళు. కూర్చుని చూడు."

మంచు కరిగింది. అన్న కొడుకు రాలేదు. మారిట్ రెండుసార్లు రాత్రి గౌనుతోనే రోడ్డెక్కి పడమరగా నడిచింది. రెండోసారి తీసుకొచ్చాక మంచానికి పట్టీలు వేశారు. ఆ తరవాత ఆమె కిందికి రాలేదు. ఆమె దుప్పట్లు మాత్రం వచ్చేవి, అంచుల దగ్గర పీలికలై. పట్టీల కింద చేతులు పెనుగులాడిన చోట్లవి. వసంతం చివర్లో ఒక ఉదయం ఆర్డిస్ బ్లేడు తీసుకుని హౌగెన్ అనే పేరు విప్పింది. అప్పుడామెకు చిన్న వయసు. ఆ మెట్టు దగ్గరికి వెళ్తాను అనుకుంది. అనుకుంటూ యాభై ఏళ్ళు గడిపింది.

* * *

దారి పొడుగునా గడ్డి ఎండి ఎర్రబారి ఉంది. ఎక్కడా చెట్టు లేదు. గాలి పక్కనుంచి కొడుతుంటే బండి రేకు కిటికీల దగ్గర ఈలవేస్తోంది. హార్లన్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని మెడ ముందుకు చాచి నడుపుతున్నాడు. వెనక నుంచి గొట్టం సందులో నేలమీద పాకి అతని సీటు దాకా వచ్చింది.

"అక్కడికెళ్ళి ఏం చేస్తావు?" అన్నాడు చాలా దూరం పోయాక.

"కూర్చుంటా."

"కూర్చోడానికా ఇంత దూరం?"

"ఊఁ."

"ఇక్కడ కూర్చునే ఉన్నావుగా."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అతను నవ్వబోయాడు. దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, మట్టిరోడ్డు మలుపు దాకా ఆమె వంకా రోడ్డు వంకా మార్చి మార్చి చూశాడు.

ఇల్లు చిన్నది, ఆమె అనుకున్న దానికన్నా చాలా చిన్నది. నల్లబడిన పలకలు, చుట్టూ నడుమెత్తు మట్టిపెళ్ళల దన్ను, వాలిన కప్పు. రోడ్డు వారగా కంకర పోసిన జాగాలో హార్లన్ బండి ఆపాడు. అక్కణ్ణించి ఇంటికి కాలిబాట. పక్క పశువుల క్షేత్రం తాలూకు మనిషి ట్రూడీ ఆ ఇంటికి కాపలా చూస్తుంది. యాభై దాటిన మనిషి. చలికి కమిలిన బుగ్గలు, నడుముకి తాళాల గుత్తి, చేతిలో సుత్తి.

"నిన్న ఫోన్ చేసింది మీరేనా? మంచి రోజే వచ్చారు. రేపొస్తే తలుపు తెరిచేదాన్ని కాదు. చలికాలానికి కిటికీలకు చెక్కలు కొడుతున్నా. ఆయన రారా?"

"రాడు. ఊపిరాడదు."

"అయ్యో. సరే, మీరు రండి."

లోపల ఒకటే గది. ఇనుప పొయ్యి, ఇరుకు మంచం, మేకుకి వేలాడుతున్న ఒక పళ్ళెం, చిన్న చిన్న కిటికీలు. అడ్డంగా తాడు కట్టారు. ట్రూడీ బడిపిల్లలకు చెప్పి చెప్పి నున్నబడిన మాటల్ని మళ్ళీ చెప్పింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఒక పెట్టె, ఒక పొయ్యి. మొదటి చలికాలం పిడకలూ గడ్డీ కాల్చుకుని బతికింది. పక్క భూమివాడు పెళ్ళాడతానని ఏటా వచ్చేవాడట. ఏటా వాడికి వేడి రొట్టె చేతిలో పెట్టి పంపేసేదట.

"రొట్టె కోసమే వచ్చేవాడేమో," అంది ఆర్డిస్.

ట్రూడీ పకపకా నవ్వింది. "మా ఆయనా అదే అంటాడు!"

గోడ మీద ఫోటో ఉంది. పొడుగాటి పడుచు, గాలికి పరికిణీ ఒక పక్కకి ఎగురుతోంది, కళ్ళు చికిలించి నవ్వుతోంది. ఆర్డిస్ ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. ఆ మనిషి నవ్వు ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఈమె బట్టలు నేను ఉతికాను," అంది.

"అంటే?"

"ఆశ్రమంలో. ఆఖర్న."

ట్రూడీ సుత్తి కింద పెట్టేసింది. "నిజంగానా? ఆమె ఆఖరి రోజులు మాకెవరికీ తెలీవండీ. బోర్డు మీద కూడా 'ప్రశాంతంగా కన్నుమూసింది' అని రాశాం. చెప్పండి, ఎలా ఉండేది?"

ఆర్డిస్ పీలికలైన దుప్పటి అంచుల్ని తలుచుకుంది. కిటికీ దగ్గర ఎండలో ట్రూడీ ముఖం ఆశగా ఉంది.

"మేజోళ్ళు బాగా మడిచేది," అంది. "వెనక ఒక మెట్టు ఉండాలి."

"ఉంది. ఎవరూ అటు పోరు, చూడ్డానికేం లేదని. ఎందుకు?"

"కాసేపు కూర్చోవచ్చా?"

"ఎంతసేపైనా కూర్చోండి. నేను ఉత్తరం కిటికీలు కొడతా."

అది పెద్ద రాతిపలక. ఇంటి గోడకీ, పాత బొగ్గుల గదికీ మధ్య మూలలో ఒదిగి ఉంది. నడుమ కొద్దిగా అరిగింది. ఆర్డిస్ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది. గాలి ఆగిపోయింది. ఇంతసేపూ చెవుల్లో హోరెత్తిన గాలి, ఎవరో తలుపు మూసినట్టు, లేకుండా పోయింది. ఎదురుగా గడ్డి ఒంగుతోంది, లేస్తోంది, ఆకాశం అంచుదాకా. ఇక్కడ మాత్రం ఆమె జుట్టు కూడా కదల్లేదు. ఎండ ఒళ్ళో పడింది. రాయి వెచ్చగా ఉంది. చేతులు రెండూ ఆ ఎండలో పెట్టుకుంది. ఉతకడానికి గానీ, మడవడానికి గానీ, తుడవడానికి గానీ వాటి దగ్గర ఏమీ లేదు. ఇంటి ముందు పక్క నుంచి ట్రూడీ సుత్తి దెబ్బలు దూరంగా, ఎవరి పనో అన్నట్టు వినిపించాయి.

యంత్రం గుర్రు లేకుండా ఇంతసేపు తను ఎప్పుడు ఉందో ఆమెకు గుర్తు రాలేదు.

అప్పుడు హారన్ మోగింది.

హార్లన్ హారన్ అది. లారీ రోజుల నుంచీ అంతే. వీధి మలుపులోనే కొట్టేవాడు. ఆ మోత వినగానే ఆమె గేటు తీయాలి, పొయ్యి మీద పెనం పెట్టాలి. రెండోసారి కడుపు పోయినప్పుడు అతను లారీతో ఎక్కడో ఒమాహా ఊరి దారిలో ఉన్నాడు. ఆమె ఒక్కతే పడి, ఒక్కతే తుడుచుకుని, ఆ బట్టలు ఒక్కతే ఉతికి పడుకుంది. రెండ్రోజులకి మలుపులో హారన్ మోగింది. ఆమె లేచింది. గోడ పట్టుకుని నడిచి గేటు తీసింది. లారీ దిగి అతను ఆమె ముఖం చూశాడు. "పో, పడుకో," అన్నాడు. గేటు తనే వేశాడు. ఆ రాత్రి గుడ్లు తనే వేయించుకుని, మాడ్చుకుని తిన్నాడు. అంతకు మించి ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్య మాటల్లోకి ఎన్నడూ రాలేదు. కానీ హారన్ వింటే చాలు, ఆమె మనసు కన్నా ముందు కాళ్ళు లేచేవి.

ఇప్పుడూ లేవబోయింది. చేతులు మోకాళ్ళ మీదికి వచ్చాయి. ఒళ్ళు ముందుకు వంగింది.

ఒక గంట అన్నాను కదా, అనుకుంది. గంట కాలేదు.

చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి కాస్త పొడుగ్గా. గడ్డి మీదుగా సాగి, సన్నబడి ఆగింది. కాఫీ కావాలేమో. గొట్టం మెలిపడిందేమో. లేకపోతే విసుగేమో. ఆమె పళ్ళు బిగించి కూర్చుంది. గుండె దడదడలాడింది, దొంగతనం చేస్తున్నట్టు. ఇంకోసారి కొడతాడు, అప్పుడు లేస్తాను అనుకుంది. కొట్టలేదు. కాసేపటికి దడ తగ్గింది. తరవాత, బిగుతు గౌను హుక్కులు ఒక్కొక్కటే విప్పుకున్నట్టు, లోపల ఏదో వదులవుతూ వచ్చింది. తనను పిలిచారు, తను లేవలేదు. ఆకాశం ఊడిపడలేదు. కంట్లో నీళ్ళు ఎందుకొచ్చాయో తెలీదు, తుడుచుకోలేదు కూడా.

ఎండ రాతి మీంచి జారి గడ్డిలోకి దిగిపోయే దాకా అక్కడే కూర్చుంది.

* * *

ఇల్లు చుట్టి ముందుకు వచ్చేసరికి బండి పక్కన, గాలికి చాటుగా, మడత కుర్చీలు రెండు వేసి ఉన్నాయి. మైదానం వైపు తిప్పి ఉన్నాయి. ఒక దాంట్లో తన గళ్ళ కంబళి నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. ఎగిరిపోకుండా దాని మీద గుమ్మడికాయంత రాయి ఒకటి పెట్టి ఉంది. ట్రూడీ వేసిందేమో అనుకుంది. ఆ కుర్చీలు బండి పొట్టలో, మొరాయించే తలుపు వెనక, ఎన్నడూ వాడని సామాను కింద ఉండేవి.

బండి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల యంత్రం గుర్రుమంటోంది. ముక్కులో ఉండాల్సిన గొట్టం సీటు పక్కన కొక్కేనికి వేలాడుతూ తన మానాన తను గాలి ఊదుతోంది. హార్లన్ స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. తల కిటికీకి ఆనింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. పెదాలు నీలం.

ఆమె అరవలేదు. ముట్టుకోకముందే తెలిసిపోయింది, నలభై ఏళ్ళుగా తెలిసినట్టే. అయినా ముట్టుకుంది. మెడ ఇంకా గోరువెచ్చగా ఉంది. గొట్టం తీసి అతని ముక్కులో పెట్టింది. పెట్టి, చూసి, మళ్ళీ తీసేసింది. సందులోంచి వెనక్కి వెళ్ళి యంత్రం మీట నొక్కింది. గుర్రు ఆగింది.

గుడ్డ తడిపి తెచ్చి అతని నోరు తుడిచింది. చేతులు తుడవబోతే అరచేతుల నిండా మట్టి. గోళ్ళలో మట్టి. ఉన్ని చెప్పులకు ఎండుగడ్డి అంటుకుని ఉంది. ఆ గుడ్డ పట్టుకుని ఆమె కిటికీలోంచి కంబళి మీదున్న రాయి వంక చూసింది. బూటు తాడు కట్టుకోవడానికి వంగలేని మనిషి.

గుడ్డ చేతిలోంచి జారి నేలమీద పడింది. ఆమె దాన్ని తీయలేదు.

* * *

ఊళ్ళోంచి అంబులెన్సులో ఇద్దరు రావడానికి చాలాసేపు పట్టింది. పెద్దవాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చేయగలిగిందేమీ లేదని అతనికీ తెలుసు.

"ఎంతసేపైందమ్మా?"

"ఎండ మెట్టు దిగేంతసేపు," అంది ఆర్డిస్. అతనికి అర్థం కాక ట్రూడీ వంక చూశాడు.

"పిలవడం గానీ, ఏమన్నా వినిపించిందా మీకు?"

"హారన్ రెండుసార్లు కొట్టారండీ," అంది ట్రూడీ కంగారుగా. "నేను సుత్తి పనిలో ఉన్నా. మొగుడూ పెళ్ళాల పిలుపులే అనుకున్నా. దేవుడా, నేను పోయి చూడాల్సింది."

"నేను విన్నాను," అంది ఆర్డిస్.

ఆ తరవాత ఏమైనా అడుగుతారని ఆగింది. పెద్దవాడు తల ఊపి స్ట్రెచరు తేవడానికి వెళ్ళిపోయాడు. ఇంకెవరూ అడగలేదు.

ట్రూడీ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆయాసం వచ్చి పిలవలేదేమో. కుర్చీలు చూడండి. మీరొచ్చి పక్కన కూర్చుంటారని పిలిచుంటారు. గొట్టం చేతికందేంత దూరంలోనే ఉందిగా. ప్రాణం మీదికొస్తే ముందు దాన్నే పట్టుకునేవారు కదా?"

"ఆయన ఎన్నడూ కుర్చీ వెయ్యలేదు," అంది ఆర్డిస్.

"ఇవాళ వేశారుగా మరి."

స్ట్రెచరు బండి తలుపులోంచి దిగడానికి ఇబ్బంది పడింది. ఒక పక్కకు ఒరిగించాల్సి వచ్చింది. ఒరిగించినప్పుడు దుప్పటి జారి అతని కాలు బయటపడింది. ఒక ఉన్ని చెప్పు ఊడి ఉంది. ఆమె ముందుకు వచ్చి దుప్పటి సర్ది, రెండు అంచులూ కాళ్ళ కింద బిగుతుగా దోపింది. అది ఎంత వేగంగా, ఎంత పొందిగ్గా చేసిందంటే పెద్దవాడు చేతులు వెనక్కి తీసుకుని దారిచ్చాడు.

"బండిని ఏం చేద్దాం?" అంది ట్రూడీ.

"నాకు నడపడం రాదు. నేర్పలేదు."

"రేపు మా ఆయన్ని పంపిస్తాలెండి. ముందు పదండి, మీరొక్కరూ ఇక్కడ వద్దు."

ఆర్డిస్ ట్రూడీ కారెక్కింది. తలుపు వేసేముందు ఇంటి వంక చూసింది. కిటికీలన్నిటికీ చెక్కలు పడ్డాయి. ఒక్కటి, పడమటిది, మిగిలింది. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, అరచేతులు పైకి తెరుచుకుని.

"చలిగా ఉందా? వేడి పెంచనా?"

"వద్దమ్మా."

అంబులెన్సు ముందు కదిలింది. మోత మోగించలేదు, తొందరేమీ లేదు. దాని వెనకే ట్రూడీ కారు. దుమ్ము రోడ్డు మీద కాసేపు నిలబడి మైదానంలోకి కొట్టుకుపోయింది. సాయంత్రానికి గాలి దిక్కు మారి, బండికి కుర్చీలున్న పక్క నుంచి వీచసాగింది. ఖాళీ కుర్చీ ఒకసారి ఊగి, మడతపడి, కంకర మీద గరగరా జారుకుంటూ పోయి కంచె తీగల్లో చిక్కుకుంది. కంబళి ఉన్న కుర్చీ మాత్రం, ఒళ్ళో ఆ రాయిని పెట్టుకుని, మైదానం వైపు ముఖం పెట్టి అక్కడే ఉంది.